మెయిను స్విచ్చి దగ్గర కాపలా

మద్దిలపాలెంలో టిఫిను హోటలు పెట్టుకున్న శ్రీరామ్మూర్తి గోదావరి నుంచి తెచ్చుకున్న ఆస్తల్లా మర్యాదే. తన హోటల్లో ఇడ్లీ తినే మనిషికి చెమట పట్టకూడదు. కరెంటు పోతే పెరట్లో జనరేటరు మోగాలి. క్షణం ఆలస్యమైతే వంటమనిషి దేముడమ్మకి అక్షింతలు పడేవి.

"ఫ్యాను ఆగితే నన్నడుగుతావేవిటి? ముందు జనరేటరు వెయ్యి, తర్వాత మాట్లాడు!" అని రోజూ నూరిపోసేవాడు.

ఆ పొద్దున పిండి రుబ్బే పెద్ద గ్రైండరు మొరాయించింది. బాగుచెయ్యడానికి సింహాద్రి వచ్చాడు.

"బాబూ, మోటారు ఇప్పుతాను. మెయినాపీసి దాని దగ్గరే ఉండండి. ఎవులూ సెయ్యెట్టకూడదు. మొన్న ఇలాగే ఎవుడో ఏసీసినాడు, మా బావమరిది సెయ్యి కాలిపోనాది. మరింకెక్కడినుంచీ కరెంటు రాదు కదా?"

"నా హోటల్లో నాకు తెలియని కరెంటేవిటయ్యా!"

శ్రీరామ్మూర్తి మెయిను ఆపి, దాని కిందే కుర్చీ వేసుకుని కొలువు తీరాడు. ఫ్యాన్లు ఆగాయి. ఏమైందో చూద్దామని లేచి వచ్చిన పాత ఖాతాదారు త్రినాథరావుని కళ్లెర్రజేసి వెనక్కి పంపాడు. ఈగని కూడా వాలనివ్వలేదు. ఒక మనిషి ప్రాణం తన చేతిలో ఉందనుకుంటే ఛాతీ ఇంకాస్త పొంగింది.

ఇంతలో బట్టతల మీద చల్లగాలి తగిలింది. హమ్మయ్య అనుకున్నాడు. ఇన్నాళ్లకి దేముడమ్మకి బుద్ధొచ్చింది, చెప్పించుకోకుండానే జనరేటరు వేసింది. మెచ్చుకుందామని లేవబోయాడు.

వంటింట్లోంచి కేక వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. తుఫాను రోజుల్లో పిండికి లోటు రాకూడదని జనరేటరు తీగని గ్రైండరు దాకా లాగించింది తనే. మెయిను ఆపినా ఆ తీగలో కరెంటు ఆగదు. "ఆపవే, జనరేటరు ఆపు!" అని అరుస్తూ పరుగెత్తాడు.

సింహాద్రి ఎగిరి గోడ వారన పడ్డాడు. బతికే ఉన్నాడు. కుడి అరచెయ్యి మాడిపోయింది.

"మెయినేసీసినారేటి బాబూ?" అన్నాడు.

"లేదయ్యా, ఒట్టు! కుర్చీలోంచి కదిలితే ఒట్టు!" అన్నాడు శ్రీరామ్మూర్తి. పాపం, అది నిజమే.

"నానే బాబూ," అంది దేముడమ్మ పెరటి గుమ్మంలోంచి. "ఫేనాగిందని జనరేటరేసినాను. మోటారిప్పినారని తెల్దు." తిట్లు పడతాయని అలవాటుగా తల వంచుకుంది.

ఆ వంచిన తల చూడగానే ఆయనకి ఏడుపొచ్చింది.

"నువ్వు కాదమ్మా. నిన్ను రోజూ తిట్టి తిట్టి నేనే వేయించాను. వీధిలోకెళ్లి ఆటో పిలువు."

శ్రీరామ్మూర్తి మంచినీళ్లు తెస్తే సింహాద్రి గ్లాసు అందుకోబోయాడు. స్క్రూలు తిప్పి ఇల్లు నడిపే ఆ వేళ్లు ముడుచుకోలేదు. ఆయనే గ్లాసు అతని నోటికి పట్టాడు. సగం నీళ్లు సింహాద్రి చొక్కా మీదే పోయాయి.