‘ఏం కాదు’ అనలేకపోయాను

రోజుకి ఎన్నిసార్లు ‘ఏం కాదు’ అంటానో నాకే తెలియదు. సూది గుచ్చేముందు ఏం కాదు, కుట్లు విప్పేముందు ఏం కాదు, ముక్కులో గొట్టం వేసేముందు ఏం కాదు. ఓసారి కూరలో ఉప్పెక్కువైందని అత్తగారు మొహం చిట్లిస్తే, ‘ఏం కాదత్తయ్యా’ అనేశాను. నేనేమన్నా నీ పేషెంటునా అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ వారమైతే నడుం విరిగిపోయింది. ఒక సిస్టర్ పురిటి సెలవులో ఉంది, ఇంకొకామె జ్వరమని రాలేదు. వాళ్ళిద్దరి పనీ నా మెడకే చుట్టుకుంది. మనుషుల్ని వెయ్యమని అడిగితే పైవాళ్ళు సర్దుకోండి అంటారు. ఎన్నాళ్ళని సర్దుకుంటాం? బూట్లు విప్పితే వాచిన కాళ్ళు మళ్ళీ వాటిలో పట్టవని, భోజనానికి కూర్చున్నా విప్పేదాన్ని కాదు.

కిటికీ పక్క మంచం కుట్టుమిషనమ్మది. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి, అందుకే వార్డులో ఆ పేరు పెట్టేశాం. నా యూనిఫాం భుజం దగ్గర జారుతోందని మొదటిరోజే పట్టేసింది. ఇది నీ కొలతలకి కుట్టింది కాదు, ఎవరిదో నీకు తగిలించారు అంది. నిజమే మరి. ఆవిడ కడుపులో ఉన్నది మాత్రం చెడ్డ గడ్డ. అప్పటికే పక్కలకి పాకింది. ఆపరేషన్ చేస్తే ఇంకొన్నాళ్ళు బతకొచ్చు, బల్ల మీంచి అసలు లేవకపోవచ్చు కూడా. డాక్టరుగారు ఇదంతా కొడుక్కి వివరంగా చెప్పారు. కొడుకు తల్లి దగ్గరకొచ్చి, పిత్తాశయంలో చిన్న రాయి ఉందట, తీసేస్తారట అన్నాడు. ఆవిడ బుద్ధిగా సంతకం పెట్టేసింది. అమ్మగారికి అన్నీ తెలుసు కదా అని డాక్టరుగారు అడిగితే, తెలుసన్నాడట.

నాకీ సంగతి ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం తెలిసింది. తీసిన రాయిని చిన్న సీసాలో వేసి ఇస్తారా, మనవరాలికి చూపించాలి అని ఆవిడే నన్ను అడిగింది. కొడుకుని వరండాలోకి పిలిచి నిలదీశాను. చెడ్డవాడు కాడు, తల్లి కాళ్ళు తనే పడతాడు. చెబితే ఆ బెంగతోనే పోతుంది సిస్టర్, నన్ను మీ తమ్ముడనుకోండి, మీరేమీ చెప్పొద్దు అని బతిమాలాడు.

మా ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పుకున్నాను. ఆవిడ ఈ ఉద్యోగంలోనే జుట్టు నెరిసిన మనిషి. రోగం బయటపెట్టడం మన పని కాదు, డాక్టరు పని. అబద్ధం చెప్పడం కూడా మన పని కాదు అంది. అంటే నోరు తెరిచినా తప్పే, మూసినా తప్పే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆవిడే డాక్టరుగారికి ఫోన్ చేయించింది. పొద్దున్నే వచ్చి పెద్దావిడతో మాట్లాడతానని కబురొచ్చింది.

పొద్దున ఆయన రాలేదు. ఆపరేషన్ థియేటర్ నుంచి స్ట్రెచర్ వచ్చేసింది.

తీసుకెళ్ళేముందు ప్రతి మనిషినీ మేం అడిగి తీరాల్సినవి కొన్నుంటాయి. పేరేమిటి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా, ఏ ఆపరేషన్ చేస్తున్నారో తెలుసా. కుట్టుమిషనమ్మ చెవిపోగులు తీయించి, గౌను తొడిగాను. ఇంత అన్యాయపు కుట్టు ఎవరు కుట్టారో అని ఆ గౌనుని తిట్టిపోసింది. ఏ ఆపరేషనో తెలుసా అమ్మా అన్నాను. రాయి తీయడమే కదా అంది. కొడుకు మంచం కాళ్ళ దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

“నీ నోటిమాట మంచిది తల్లీ. నువ్వు ఏం కాదన్న ప్రతిసారీ నాకు ఏమీ కాలేదు. ఇప్పుడు కూడా ఓసారి అను, వెళ్ళిపోతాను.”

నోటికి రాలేదు. రోజంతా అలవాటుగా అనేసే మాటే అది. అనేస్తే అయిపోయేది. నా అలసటకి అబద్ధమే తేలిక, అందరూ సుఖపడేవాళ్ళు. కానీ అంతగా నమ్మిన మనిషిని నా మాటతోనే మోసం చెయ్యాలంటే నావల్ల కాలేదు.

“డాక్టరుగారిని పిలుస్తానమ్మా. ఆయనతో మాట్లాడాకే వెళ్దాం,” అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, తర్వాత కొడుకు మొహం చూసింది. అతను తల దించుకున్నాడు.

“రాయి కాదన్నమాట,” అంది.

స్ట్రెచర్‌ని వెనక్కి పంపేశాను. థియేటర్ వాళ్ళు మండిపడ్డారు. డాక్టరుగారు చిరాగ్గానే వచ్చారు గానీ, వచ్చాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఏదీ దాచలేదు, తొందరపెట్టలేదు. ఆ మాట చెప్పుకోవాలి. లేస్తే మళ్ళీ మిషను తొక్కగలనా అని ఆవిడ అడిగింది. కష్టమేనమ్మా అన్నారాయన. అయితే నాకీ కోత వద్దు, నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపెయ్యండి అంది. కొడుకు ఏడ్చాడు. ఆవిడ మనసు మార్చుకోలేదు.

తర్వాత వరండాలో కొడుకు నాకు అడ్డం వచ్చాడు.

“మా అమ్మకి ఏం చెప్పారు?”

“ఏమీ చెప్పలేదు.”

“అదే నేననేది. ఒక్క మాట అని ఉంటే వెళ్ళేది. ఇంకో ఏడాది ఉండేదేమో. మీకేం, డ్యూటీ దిగి ఇంటికి పోతారు.”

నిజంగానే ఉండేదేమో, ఎవరికి తెలుసు? అతను ఫిర్యాదు పెట్టాడు, పైవాళ్ళు పిలిచి సంజాయిషీ అడిగారు, ఇన్‌చార్జి సిస్టర్ నా పక్షాన నిలబడింది. అవన్నీ ఎలాగో గడిచిపోయాయి. ఆ ‘ఏమో’ మాత్రం ఇంటికొచ్చినా, అన్నం ముందు కూర్చున్నా నన్ను వదల్లేదు.

ఆపరేషన్ ఆగిన మర్నాడు ఆవిడని ఇంటికి పంపేముందు, చేతికున్న సెలైన్ సూది తీయడానికి వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. కొడుకు సంచీ సర్దుతున్నాడు, నా వైపు చూడలేదు. ప్లాస్టర్ ముసలి చర్మానికి గట్టిగా అతుక్కుపోయి ఉంది. నా చేతుల వంక చూస్తూ, నొప్పి పుడుతుందా అని అడిగింది.

“పుడుతుందమ్మా.”

సరే కానీ అని, చెయ్యి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.