సైగల కోర్సుకు గుర్తింపు

ఆమెకు మరిదంటే ఒళ్లుమంట. ఆ మంట ఇంట్లో మొదలై యూనివర్సిటీ దాకా పాకింది, ఎందుకంటే ఇద్దరి ఉద్యోగాలూ అక్కడే. అతను భాషల విభాగాలకు డీన్, అకడమిక్ కౌన్సిల్లో చక్రం తిప్పే మనిషి. ఆమె డిగ్రీల్లేని సర్టిఫికెట్ కోర్సులకు అధికారి. ఆ కోర్సులన్నీ మెయిన్ బిల్డింగ్ వెనక, జనరేటర్ పక్కనున్న గదుల్లో నడుస్తాయి. ఇంట్లో "వదినా" అని, మీటింగుల్లో "మేడమ్" అని పిలిచే ఆ పెద్దమనిషి, ఆ గదుల్ని మాత్రం ఎక్కడైనా సరే "మీ ట్యూషన్ సెంటర్" అనే అనేవాడు.

ఆ ట్యూషన్ సెంటర్లో ఆమె ప్రాణంగా చూసుకునేది సైగల భాష కోర్సు. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో వినపడనివాళ్ల మాటను మిగతావాళ్లకు చెప్పే దుబాసీలు అక్కడే తయారవుతారు. నేర్పేది పుట్టుకతోనే వినపడని మాస్టారు. ఆయన జీతం, పరువు, మాట్లాడే నలుగురు మనుషులూ అన్నీ ఆ గదిలోనే.

డిగ్రీ లేని కోర్సు జోలికి కౌన్సిల్ రాదు. డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు ఉండవు కాబట్టి ఎవరు చెబుతున్నారో, ఏం చెబుతున్నారో ఎవరికీ పట్టదు. ఆ పట్టకపోవడమే మాస్టారికి శ్రీరామరక్ష అని ఆమెకు తెలియనిది కాదు. కానీ ఒక ఆదివారం భోజనాల దగ్గర మరిది నవ్వుతూ, "నీ సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు వదినా" అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే, తన కోర్సుకు క్రెడిట్లిచ్చి గుర్తించమని కౌన్సిల్‌కు అర్జీ పెట్టేసింది.

మరిది అడ్డుపడి తీరతాడని మీటింగుకు నడుం బిగించి వెళ్లింది. అతను అడ్డుపడలేదు సరికదా, అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. గుర్తింపు వచ్చేసింది. ఆమె మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, అతను గొంతు సవరించుకున్నాడు.

"ఇక క్రెడిట్లున్న కోర్సు కదా మేడమ్, చెప్పేవాళ్లకి డాక్టరేట్ ఉండాలి."

"మాస్టారికి లేదని మీకు తెలుసు."

"తెలుసు. అందుకే మా డిపార్ట్‌మెంటులో ఒకావిణ్ని పెడదామనుకుంటున్నాం. సైగల మీదే థీసిస్ రాసింది."

"రాసింది సరే, సైగ చెయ్యడం వచ్చా?"

"మెల్లిగా వస్తుంది లెండి."

"అయితే నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నా!"

"అడగడం మీ చేతిలో పని. ఇచ్చాక రద్దు చెయ్యడం కౌన్సిల్ పని. వచ్చే ఏడాది చూద్దాం."

మీటింగు ముగిసింది. బయట వరండాలో ఆమె అతన్ని పట్టుకుంది.

"కడుపులో ఇంత విషం పెట్టుకుని నా ఇంట్లో ఎలా తిన్నావయ్యా?"

"విషమేంటి వదినా? గుర్తింపు కావాలన్నావు, ఇప్పించాను. ఒక్క అబద్ధం చెప్పానా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం అతన్ని చెడామడా తిట్టేది. ఇప్పుడు ఆ తిట్లన్నీ తనకే తగులుతున్నాయి.

జనరేటర్ పక్క గదికి వెళ్లేలోపు ఒక ఉపాయం అల్లుకుంది. మాస్టారు ఒక్కరే ఉన్నారు, కుర్చీలు సర్దుతున్నారు. జరిగిందంతా సైగల్లో గబగబా చెప్పేసి, కోర్సు పేరు మార్చి, యూనివర్సిటీ ముద్ర లేకుండా మళ్లీ మొదలుపెడదాం అంది. ఆయన కుర్చీ వదిలేశారు.

"ముద్ర వదులుకుని నా దగ్గరికి ఎవరొస్తారు? ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగేది దాన్నే" అన్నాయి ఆయన చేతులు. "ఈ గుర్తింపు ఎవరడిగారు?"

మరిది మీదికి నెట్టేయాలని ఎంత ఆశ పుట్టిందో! అయినా ఆమె వేలు తన గుండె వైపే తిరిగింది. నేనే.

"నన్ను అడిగారా?"

రిజిస్ట్రార్ని అడిగింది, రూల్స్ చూసే గుమాస్తాను అడిగింది, ఫోన్లో అక్కను కూడా అడిగింది. పక్క గదిలోనే ఉన్న ఈయన్ని అడగాలని ఒక్కసారీ తోచలేదు. లేదన్నట్టు తల ఊపింది.

వినగలిగిన మనిషి కోపంతో మొహం తిప్పుకున్నా, అవతలివాళ్ల మాట చెవిన పడుతూనే ఉంటుంది. మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. తప్పయిపోయిందని ఆమె చేతులు చెబుతూనే ఉన్నాయి, ఆయన కళ్లు తెరవలేదు.