పై గేటు దగ్గరే సిగ్నల్

పొద్దున్నించీ పదకొండు మంది మగవాళ్ళకు వండుతూనే ఉంది ఎయిర్లిస్. వేల్స్ దేశంలోని ఆ లోయలో గొర్రెల ఉన్ని కత్తిరించడానికి ఇరుగుపొరుగు రైతులు వంతులేసుకుని ఒకరింటికి ఒకరు వస్తారు. కత్తెరల వంతులు మారతాయి గానీ, ఏ ఇంట్లోనైనా పొయ్యి దగ్గర ఆ ఇంటి ఆడదే నిలబడాలి. ఈవేళ వంతు తన భర్త గ్విలిమ్‌ది. అంటే తనది.

మూడింటికి బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేస్తానంది. బడి వంటగదిలో ఉద్యోగం. అక్కడా వంటే, కాదనడం లేదు. కానీ అక్కడ వండితే జీతమిస్తారు, నాలుగింటికి ఇంటికి పొమ్మంటారు. "సాయంత్రంలోగా మీ మాట తెలియాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం" అని ముందే చెప్పింది ఆవిడ. తుఫానుకు తెగిన పాత ఫోను తీగ మళ్ళీ వేయించనే లేదు. సెల్‌ఫోన్‌కేమో ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు, పై పొలం గేటు దాకా ఎక్కాలి. పక్కింటి నెస్టా వాడే కంపెనీ అయితే లోయంతా పలుకుతుంది. దానికి మారదామని ఆరేళ్ళుగా అడుగుతోంది ఎయిర్లిస్. అడిగినప్పుడల్లా గ్విలిమ్ నవ్వేవాడు. "ఎవరు చేస్తారే నీకు ఫోను?" అత్త మార్గెడ్ అందుకునేది. "మా రోజుల్లో ఫోన్లున్నాయా? మేం బతకలేదూ?"

మూడింటికి పావుగంట ఉందనగా ఏప్రన్ విప్పింది.

"ఎక్కడికే? అంతమందికీ టీ ఎవరు పోస్తారు?" అంది అత్త.

"ఫోన్ వస్తుందత్తా. పది నిమిషాలు."

రొట్టె కోసం లోపలికొచ్చిన గ్విలిమ్ విన్నాడు. "నువ్వంటే అంత అవసరమైతే మళ్ళీ చేస్తార్లే. ముందు టీ కానీ."

ఏప్రన్ మళ్ళీ కట్టుకుంది. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు, తలుపుకు అడ్డం నిలబడలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె ఆగిపోయేది అక్కడే. ఒక మాట అన్నారు, తను టీ పోసింది. అయిదున్నరకు పై గేటు దాకా ఎక్కితే మూడు మిస్‌డ్ కాల్స్, మర్యాదగా ఒక మెసేజ్. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు.

మరుసటి వారం బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళింది. కంపెనీ మార్చడానికి కావలసిన కోడ్ గేటు దగ్గరి నుంచే తెప్పించుకుంది. షాపులో అమ్మాయి పేరడిగింది, పుట్టినరోజడిగింది, కొత్త సిమ్ చేతిలో పెట్టింది. పాత నంబరే ఉంటుందని చెప్పింది.

"మా ఆయన్ని కూడా తీసుకురావాలా?" అని అడిగింది ఎయిర్లిస్.

"ఆయనెందుకండీ? ఫోను మీ పేరు మీదే ఉందిగా?"

తొమ్మిది నిమిషాలు పట్టింది. బస్టాపులో కూర్చుని ఏడ్చింది. ఉద్యోగం కోసం మాత్రమే కాదు.

మర్నాడు వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతున్న చోటే, ఫోన్ మోగింది. నెస్టా. గ్విలిమ్ తల తిప్పి చూశాడు. మాట్లాడి పెట్టేసేదాకా ఆగాడు.

"నాకు చెప్పకుండానే మార్చేశావా? సర్లే, నాది కూడా మార్చి పెట్టు. ఎల్లుండి గొర్రెల వేలం ఉంది, కొనేవాళ్ళు ఫోన్ చేస్తారు."

"నువ్వే వెళ్ళు గ్విలిమ్," అంది, కత్తి దించకుండా. "పేరూ పుట్టినరోజూ చెబితే చాలు. ఇంకెవరి అనుమతీ అడగరు. నాకా సంగతి తెలియడానికి ఆరేళ్ళు పట్టింది."