మూడు వారాల సరాసరి

నలభై మూడు రికార్డుల్లో ముప్పై ఎనిమిదోది దిద్దేసరికి విజయభాస్కర్‌కు మెడ పట్టేసింది. రేపే ప్రాక్టికల్ పరీక్ష. అనంతపురం నుంచి ఎగ్జామినర్ వస్తాడు, రికార్డులు తిరగేస్తాడు, ఒక్కొక్కరిని ఓ ప్రశ్న అడిగి మార్కులు వేస్తాడు, నాలుగింటి బస్సుకు వెళ్ళిపోతాడు. అందరూ పాసైతే విజయభాస్కర్‌ను ఇంకో ఏడాది గెస్టు లెక్చరరుగా ఉండనిస్తారు. తొమ్మిదేళ్ళుగా అతను అలా అతిథిగానే ఉన్నాడు. ఏ ఇంట్లోనూ ఏ అతిథినీ ఇన్నాళ్ళు భరించి ఉండరు.

సోమందేపల్లె దగ్గరి ఆ డిగ్రీ కాలేజీలో అతని పని మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం. నేర్పడం అంటే పెద్ద మాటే. కాగితాల్లో ఇరవై రెండు కంప్యూటర్లున్నాయి. వెలిగేవి మూడు, అందులో ఒకటి ప్రిన్సిపాల్ గదిలో ఉంది. కాబట్టి అతను ప్రోగ్రాం బోర్డు మీద రాస్తాడు, పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు, ఎక్కాలు వల్లె వేసినట్టు వల్లె వేస్తారు. ఆ తర్వాత సీనియర్ల దగ్గర పాత రికార్డు అడిగి తెచ్చుకుని, చూసి రాసేస్తారు. కుడి పేజీలో ప్రోగ్రాం, ఎడమ పేజీలో పెన్సిలుతో దాని జవాబు. ఆ జవాబు సిస్టమ్ మీద వస్తుందో రాదో ఒక్కరైనా కళ్ళతో చూసి ఉండరు. మొదట్లో విజయభాస్కర్ దీని మీద ఎగిరాడు, తిట్టాడు, సొంత లాప్‌టాప్ మోసుకొచ్చి ఒకటి రెండు ప్రోగ్రాంలు నడిపి చూపించాడు. మూడో ఏడాదికి ఊరుకున్నాడు. ఎంతకని ఎగురుతాడు మనిషి.

ముప్పై తొమ్మిదో రికార్డు రెబెకాది. మూడో ప్రోగ్రాం దగ్గర అతని ఎర్ర పెన్ను ఆగింది. మూడు అంకెలకు సరాసరి కట్టే ప్రోగ్రాం అది. పది, ఇరవై, ముప్పై ఇస్తే సరాసరి ఇరవై. అంతకుముందు ముప్పై ఎనిమిది మందీ అదే రాశారు. ఈ పిల్ల నలభై అని రాసింది. అతను పెన్ను పక్కన పెట్టి, వరండాలో ఉన్న పిల్లను పిలిపించాడు.

రెబెకా చిలమత్తూరు వైపు ఒక పల్లె నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. తల్లీ తండ్రీ కూలికి పోతారు. వెనక బెంచీలో కూర్చుంటుంది, అడిగితే తప్ప నోరు విప్పదు.

"ఏమ్మా, అయిదో తరగతి పిల్లోల్లు గూడా చెప్తారు దీన్ని. నలభై యాడి నుంచి వచ్చింది?"

"ఫోన్లో చూసినా సార్."

"ఫోన్లో ఎవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు సార్. ప్రోగ్రాం నడిపే యాప్ ఒగటి ఏసుకున్నా. రికార్డులో ఉండేది ఉన్నట్టే కొట్టినా. నలభై వచ్చింది. నాలుగు తూర్లు కొట్టినా, నాలుగు తూర్లూ అంతే."

"కొట్టేది తప్పు కొట్టింటావు."

"నేనూ అట్లే అనుకున్నా సార్. మళ్ళా మా ఊరి వాన లెక్క ఏసి చూసినా. సచివాలయం దగ్గర బోర్డు మీద రాసింటారు గదా, మూడు వారాలది. పన్నెండు, సున్నా, ఆరు. సరాసరి పద్నాలుగు అనింది. మా నాయనకు చదివి చెప్తే నగినాడు. పన్నెండుకు మించి ఏ వారమూ పడకపోతే పద్నాలుగు ఎట్లొస్తాది పాపా, ఆ వాన యాడ పడిందో చూపీ, ఆడికే పోయి బతుకుదాం అన్న్యాడు."

విజయభాస్కర్ రికార్డు దగ్గరికి లాక్కున్నాడు. చూడగానే తెలిసిపోయింది. మూడు అంకెలనూ కలిపి, ఆ మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, అప్పుడు మూడుతో భాగించాలి. ఇక్కడ బ్రాకెట్లు లేవు. సిస్టమ్ చివరి అంకెను మాత్రమే భాగించి, తక్కిన రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు కలిపేస్తోంది. దిద్దిన రికార్డులన్నీ తీసి చూశాడు. ఒక్కదాంట్లోనూ బ్రాకెట్లు లేవు.

ఏదో అనుమానమొచ్చి బీరువా తెరిచాడు. అడుగున, చేరిన కొత్తలో పిల్లల కోసం తను రాసిచ్చిన మోడల్ రికార్డు ఉంది. అతని చేతిరాతే. అందులోనూ బ్రాకెట్లు లేవు, ఎడమ పేజీలో ఇరవై ఉంది. మనసులో లెక్క కట్టి రాసేసినట్టున్నాడు. తొమ్మిదేళ్ళుగా పిల్లలు ఆ తప్పును ఒకరి నుంచి ఒకరు దించుకుంటున్నారు, అతను కింద సంతకం పెడుతున్నాడు. అతనికి సిగ్గేసింది. ఆ పిల్ల ముందు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"నువ్వు చూసిందే నిజం," అన్నాడు చివరికి. "ప్రోగ్రాం తప్పు. బ్రాకెట్లు లేవు."

పిల్ల మొహం వెలిగింది. "అయితే బ్రాకెట్లు పెట్టేదా సార్? పెడితే ఇరవై వస్తాది."

పెట్టమనడానికి నోరు తెరిచాడు. టైము అయిదు దాటింది. తక్కిన పిల్లలంతా బస్సులెక్కేశారు. ఒక్కదాంట్లో బ్రాకెట్లుండి నలభై రెండింట్లో లేకపోతే ఎగ్జామినర్ ఎందుకని అడుగుతాడు. దిద్దిందెవరని అడుగుతాడు. ఆ మాట ప్రిన్సిపాల్ దాకా పోతుంది. అదంతా తలుచుకుంటేనే అతనికి ప్రాణం ఉసూరుమంది.

"వద్దులేమ్మా. అందరిదీ ఎట్లుందో నీదీ అట్లే ఉండనీ. నలభై చెరిపేసి ఇరవై అని రాయి. రేపు అడిగితే ఇరవై అనే చెప్పు."

"తప్పని తెలిసీనా సార్?"

"ఈ ఒక్క దినానికి. పరీక్ష అయిపోనీ, మళ్ళా అందరికీ నేనే చెప్తా."

ఆమె అక్కడే నిలబడి రబ్బరుతో చెరిపింది, పొడి ఊదింది, ఇరవై అని రాసింది.

మర్నాడు ఎగ్జామినర్ పదకొండుకు వచ్చాడు. పిల్లలు వరసగా వచ్చారు, వల్లె వేసింది అప్పజెప్పారు, పోయారు. రెబెకా వంతు వచ్చేసరికి ఆయన రికార్డు తెరిచి, పోయిపోయి మూడో ప్రోగ్రాం మీదే వేలు పెట్టాడు.

"దీన్ని నడిపితే ఎంతొస్తాది?"

రెబెకా విజయభాస్కర్ వైపు ఒకసారి చూసింది. "ఇరవై సార్."

"సిస్టమ్‌లో చూసినావా, ఊరికే రాసినావా?"

నలభై అని చెప్పు తల్లీ, అనుకున్నాడు విజయభాస్కర్. చెబితే నేనూ నోరు తెరుస్తాను, తప్పు నాదేనంటాను. నిజంగా అలాగే అనుకున్నాడు.

"చూసినా సార్," అంది రెబెకా. "ఇరవయ్యే వచ్చింది."

తడబడలేదు. ఆయన పూర్తి మార్కులు వేశాడు. "బాగా తయారు చేసినావప్పా పిల్లోల్లను," అన్నాడు విజయభాస్కర్‌తో. విజయభాస్కర్ తల ఊపాడు.

ఆయన్ని బస్సెక్కించి గేటు దగ్గరికి వస్తుంటే రెబెకా ఎదురైంది.

"రేపు క్లాసుకు నీ ఫోను తీసుకోని రామ్మా. అందరికీ నువ్వే నడిపి చూపించాల," అన్నాడు. తన గొంతులో బతిమాలడం అతనికే వినిపించింది.

"ఆ యాప్ లేదు సార్ ఇప్పుడు. రాత్రే తీసేసినా."

"ఎందుకమ్మా?"

"రికార్డులో ఉండేదే రాయాలంటే అది ఎందుకు సార్?" అంది రెబెకా. ఆ మాటలో కోపమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. అడిగారు కాబట్టి చెప్పింది.