ఆకాశం వైపు పూసే చెట్టు

కిసో లోయలో దువ్వెనలు చేసే కిసుకెకి ఎత్తంటే భయం. మామూలు భయం కాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా పీట ఎక్కేది అతని భార్య హమాయే. అతను కింద నిలబడి పీట పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేవాడు.

"ఎక్కింది నేనైతే కళ్లు తిరిగేది నీకా?" అని ఆమె పైనుంచే నవ్వేది.

అతని లోకమంతా జానెడు మేరలోనే ఉండేది. వీధిగదిలో చాప మీద కూర్చుని, పలకగా చెక్కిన కొయ్యముక్కను బల్లకు బిగించి, సన్నటి రంపంతో ఒక్కో పన్నూ కోసేవాడు. ఏళ్ల తరబడి ఆ సందుల్లోకే చూసి చూసి, తలెత్తితే ఎదురింటి గుమ్మం కూడా మసకగా కనిపించేది.

ఆ పని కాక అతనికున్న పిచ్చి ఒక్కటే, ఇంటి నడుమ తోటలోని చెట్టు. ఆ ఊళ్లో ఇళ్లు వీధివైపు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. ముందు పనిగది, వెనక వంటిల్లు, ఆ వెనక సామాను కొట్టు. వీటి మధ్య నాలుగు చాపలు పరిచేంత నేల మీద ఆకాశం పడుతుంది. చెట్టు అక్కడ ఉండేది. కొండల్లో దాన్ని యమబోషి అంటారు, అంటే కొండ సన్యాసి. పువ్వు మధ్యలో గుండ్రటి ఆకుపచ్చ బుడిపె గుండు తలలా, చుట్టూ నాలుగు తెల్లటి రేకులు తలగుడ్డలా ఉంటాయని ఆ పేరు.

పెళ్లయిన ఏడాది దువ్వెనల కొయ్య కోసం కొండకు వెళ్లినప్పుడు, నరికిన పెద్ద యమబోషి మొద్దు పక్కన చిటికెనవేలంత మొక్క కనబడితే, వేళ్లకు తడి నాచు చుట్టి, రొమ్ముకు హత్తుకుని తెచ్చాడు. వస్తూ వస్తూ బజారు నుంచి కొత్త పెళ్లికూతురికి ఏదో తెస్తాడని గుమ్మంలో కాచుకున్న హమా దాన్ని చూసి, "దీన్ని జడలో పెట్టుకోనా, పులుసులో వేయనా?" అంది.

నాటింది మొదలు కిసుకె దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాడు. వేళ్లు పైపైనే పాకే చెట్టని, ఎండలు ముదరకముందే మొదలు చుట్టూ గడ్డి పరిచేవాడు. చలికాలంలో ఆకు రాలాక, ఒకదానికొకటి రాసుకునే లోపలి కొమ్మలు మాత్రమే తీసేవాడు. చిటారుకొమ్మల జోలికి పోయేవాడు కాదు, పోవాలంటే నిచ్చెన ఎక్కాలి మరి. ఒక వేసవిలో మొదట్లో రంపంపొట్టు లాంటి పొడి కనబడింది. తన ఒంటి మీది పొట్టే రాలిందేమో అనుకున్నాడు మొదట. మర్నాడూ కనబడింది. బోర్లా పడుకుని బెరడంతా వేళ్లతో తడిమి, తొలుచుపురుగు కన్నం పట్టుకుని, అందులోకి సన్నటి తీగ దూర్చి, పురుగు చచ్చిందని నమ్మకం కుదిరేదాకా అన్నానికి లేవలేదు.

ఇంత చేసినా చెట్టు పూసేది కాదు. చాలా ఏళ్లు ఒట్టి ఆకే. తర్వాతైనా, తల వెనక్కి వాల్చి చూస్తే ఆకుల అంచున అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా కనిపించి కనిపించనట్టుండేది. వానలు ముదిరాక మాత్రం కింద నాచు మీద తెల్లటి రేకులు బోలెడు పడి ఉండేవి.

"ఎక్కడ పూస్తుందో తెలీదు, ఊడ్చేది మాత్రం నేను," అనేది హమా. "మంచి గట్టి కొయ్య. కొట్టి దువ్వెనలు చెయ్యరాదూ?"

"చేస్తాలే," అనేవాడు. మళ్లీ గడ్డి పరిచేవాడు.

ఆ ఏడు మంచు ఎప్పుడూ లేనంత పడింది. ఊళ్లో ఇళ్లన్నిటికీ చెక్కలు పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టిన కప్పులే. మామూలుగా కోతలయ్యాక, చలి మొదట్లో కప్పు పని చేయించుకుంటారు. కానీ ఈసారి మంచు బరువుకు చెక్కలు విరిగి, జూన్ వానలు మొదలవగానే వంటింట్లో నీళ్లు కారాయి. హమా అన్నం గిన్నె పక్కన ఒకటి, పొయ్యి పక్కన ఒకటి బకెట్లు పెట్టి, మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వెక్కుతావా, నన్నెక్కమంటావా?"

కిసుకె ఆ పూటే కప్పులు వేసే గొంజోను పిలుచుకొచ్చాడు.

గొంజో వాగుడుకాయ. నిచ్చెన మీద అడుగు పెట్టింది మొదలు అతని నోరు ఆగదు. వాన తెరిపిచ్చిన ఆ ఉదయం కూడా అలాగే ఎక్కాడు. "వదినా, ఏదో కమ్మటి వాసన! పిండి ఉండలు ఆకులో చుట్టి ఉడికిస్తున్నావా? నాకు లోపల ఎర్రచిక్కుళ్ల ముద్ద ఎక్కువుండేది తియ్యి!" అని కేక వేశాడు. పైన రాళ్లు జరిగిన చప్పుడు, ఒక చెక్క పెరికిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

కిసుకె రంపం ఆపి చెవులు రిక్కించాడు. సుత్తి మోగలేదు. పాట లేదు. తిట్టూ లేదు.

లేచి నిచ్చెన దగ్గరికి వచ్చి, "గొంజో!" అని పిలిచాడు. పలకలేదు. హమా పొయ్యి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏరా గొంజో, నిద్రపోయావా?" అని కిసుకె మళ్లీ కేక వేశాడు.

కాసేపటికి పైనుంచి గొంతు వినబడింది. రోజూ వినే గొంతులా లేదు. "అన్నా... దీన్ని నువ్వెప్పుడైనా చూశావా?"

"దేన్నిరా?"

"నాకు చెప్పడం రాదు. ఎక్కి చూడు."

కిసుకె నిచ్చెన వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పామా?" అన్నాడు.

"నువ్వుండు," అని హమా బట్టలు పైకి దోపుకుంది. రెండు చేతులా నిచ్చెన పట్టుకుని గబగబా ఎక్కింది. చూరు దాటింది. ఆమె అడుగులు చెక్కల మీద కిర్రుమంటూ, కప్పు నడుమ ఎత్తుగా ఉండే నడికొప్పు దాకా వెళ్లాయి. ఆగాయి. నోరు మూతపడని ఇద్దరు మనుషులు నెత్తిమీద నిలబడి ఉన్నారు, ఒక్క మాటా లేదు.

"హమా! ఏమైందే?"

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా, "రా అయ్యా. ఎట్లాగైనా రా," అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని అలా బతిమాలింది లేదు. అతను నిచ్చెన పట్టుకున్నాడు. కళ్లు మూసుకుంటే మెట్టు దొరకలేదు, తెరిస్తే నేల దిగిపోతోంది. నిచ్చెనకు చెంప ఆనించి, దాని కొయ్య చారల్నే చూస్తూ, పాకే పిల్లాడిలా పైకి జరిగాడు. చూరు దగ్గర గొంజో వచ్చి చంకల కింద చేతులేసి లాగాడు. "కిందికి చూడకన్నా. నా వీపు చూడు. రాయి మీద కాలెయ్యకు," అంటూ నాలుగు కాళ్ల మీద నడికొప్పు దాకా తీసుకెళ్లాడు. అక్కడ హమా అతని చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు చూడు."

కిసుకె తలెత్తాడు.

కింద తోట లేదు. ఇన్నేళ్లూ తాను నీళ్లు పోసిన ఆకుపచ్చ చెట్టూ లేదు. మూడు కప్పుల మధ్య పల్లంలో తెలుపు నిండి ఉంది. ఆకు కనబడనంత తెలుపు. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా పరుచుకుని, ఒక్కో అంతస్తు మీదా పూలు పక్కపక్కన భుజాలు రాసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. ప్రతి పువ్వూ నిటారు కాడ మీద నిలబడి, నాలుగు రేకులూ విప్పి, మొహం పైకెత్తి ఉంది. ఒక్కటంటే ఒక్కటీ కిందికి వంగలేదు. రాత్రి వాన ఒక్కో బుడిపె చుట్టూ చుక్కగా నిలిచి మెరుస్తోంది. వేల మంది సన్యాసులు తెల్లటి తలగుడ్డలు చుట్టుకుని, ఏదో వినడానికి ఒకేసారి పైకి చూసినట్టుంది.

గాలి వీచింది. ఆ తెలుపంతా ఒక్క ఊపిరిలా లేచి తగ్గింది. తేనెటీగల రొద అప్పుడు చెవిన పడింది. ఏటా ఈ రోజుల్లో వీధిగదిలో కూర్చుని ఆ చప్పుడు వింటూ, కొండ మీది ఏ సెలయేరో పొంగిందనుకునేవాడు.

హమాకూ గొంజోకూ కనిపించిన ఆ రేకులూ చుక్కలూ, జానెడు దూరం దాటితే మసకబారే కిసుకె కళ్లకు విడివిడిగా కనిపించలేదు. అతనికి ఆ లోటు తెలియలేదు. వెలుగు కనిపించింది. ఆ తెలుపు తనంతట తానే వెలుగుతున్నట్టుంది. తానేం చేశాడు దీనికి? గడ్డి పరిచాడు, పురుగును చంపాడు. ఇది తాను చేసింది కాదు. తన చేతులు తాకిన మొదలుకూ, ఇక్కడ జరుగుతున్నదానికీ సంబంధమే దొరకలేదు. మెడ వంగింది. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో తెలియకుండానే చేతులు జోడించాడు. గొంజో ఎప్పుడో తలకు కట్టుకున్న తువ్వాలు తీసేసి పట్టుకున్నాడు.

"కోతలయ్యాక ఎన్నిసార్లు ఎక్కాను ఈ కప్పు," అన్నాడు గొంజో చివరికి, గొంతు తగ్గించి. "ఎర్రటి ఆకులే చూశాను. ఈ వానల్లో ఎవడెక్కుతాడు కప్పు?"

"పిట్టలకు తెలుసు," అంది హమా.

దిగడం మాత్రం పెద్ద గొడవే అయింది. చూరు దాకా వచ్చి కిందికి చూడగానే కిసుకెకు భయం మళ్లీ పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కప్పు మీద పెట్టి రాయిలా బిగుసుకుపోయాడు. "అన్నా, భోజనం పైకే పంపమంటావా?" అన్నాడు గొంజో. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు పట్టుకుని దింపేసరికి పొయ్యి మీద ఆవిరి కుండ అడుగంటింది. మాడు వాసన వేస్తున్న ఆ ఉండల్నే ముగ్గురూ ఆకులు విప్పుకుని తిన్నారు.

గొంజో నోరు ఊరుకుంటుందా? మర్నాటికి వీధి వీధంతా తెలిసింది. సారా బట్టీ ముసలావిడ ఒతొసె అందరికన్నా ముందు వచ్చి, "నడుం పట్టేసినా సరే, నేనెక్కాల్సిందే," అని పట్టుబట్టింది. ఇద్దరు కొడుకులు ఎత్తి పైకి చేర్చారు. తర్వాత ఒకరి వెనక ఒకరు. ఎక్కేటప్పుడు అందరూ వేళాకోళాలాడుతూ ఎక్కారు. దిగి వచ్చినవాళ్లు మాత్రం వెంటనే ఇళ్లకు పోకుండా, పనిగదిలో చాప మీద కాసేపు ఊరికే కూర్చుని, హమా ఇచ్చిన టీ చల్లారబెట్టుకుని తాగి వెళ్లారు. ఒతొసె వెళ్తూ వెళ్తూ, "మేం చేసిన పుణ్యం ఏపాటిదో గానీ, ఇంతకాలం దీని పక్క వీధిలోనే బతికాం," అంది.

ఆ సాయంత్రం ముల్లంగి ఊరగాయ కొరుకుతూ హమా అడిగింది. "మనం కింద ఉంటే అది పైకి పూసిందేం?"

"మన కోసం కాదేమో."

"మరి ఎవరి కోసం?"

కిసుకె తోట వైపు చూశాడు. "తెలీదే," అన్నాడు. అలా అనడం అతనికి హాయిగా అనిపించింది.

తర్వాతి పొద్దున, రంపం చేతిలోకి తీసుకోకముందే, అతను ఒక్కడే నిచ్చెన ఎక్కాడు. వణుకుతూనే ఎక్కాడు. లోయంతా పొగమంచు. కొండలు లేవు, ఊరు లేదు, పక్కింటి కప్పు కూడా లేదు. మంచు తెలుపేదో పూల తెలుపేదో మొదట తేలలేదు. నడికొప్పును రెండు చేతులా వాటేసుకుని ఎదురుచూశాడు. తూర్పున వెలుతురుకు మంచు కొంచెం పలచబడగానే పూలు ఒక్కో అంతస్తే, పైనుంచి కిందికి, మంచులోంచి బయటపడ్డాయి. చూస్తూ చూస్తూ నడికొప్పును ఎప్పుడు వదిలాడో, అతని రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. మొదటి తేనెటీగ వచ్చి పూల మీద వాలింది.