చీమ కుట్టినంత

...లేక బావ అబద్ధమాడాడా? బావ అబద్ధాలకోరు కావడం నయమో, తన ఒళ్లే ఇంత పిరికిది కావడం నయమో అతనికి తేలడం లేదు. నడుము కింద మిషను తాలూకు నీళ్ల తిత్తి మెత్తగానే ఉంది. దానిలోంచి వచ్చే దెబ్బలే, టక్ టక్‌మంటూ పక్కటెముకలు దాటి కిడ్నీలో రాయిని వెతుక్కుంటున్నాయి.

"చీమ కుట్టినంత కూడా ఉండదురా బామ్మర్దీ! నా రాయి పగలగొడుతుంటే నేనైతే గురకపెట్టి నిద్రపోయాను," అని బావ పొద్దున కూడా అన్నాడు. ఇప్పుడు తలుపు అవతల బెంచీ మీద చెల్లెలి పక్కనే కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, మళ్లీ ఊపిరి బిగబట్టారు," అంది మిషను దగ్గరి అమ్మాయి. టక్ టక్ ఆగింది. "మీరు బిగబడితే కిడ్నీ జరిగిపోతుంది, రాయి గురి తప్పుతుంది. నొప్పిగా ఉందా?"

"అబ్బే, లేదమ్మా."

"మరి ఆ పళ్లు నూరడమెందుకు? నామీద కోపమా?"

అతనికి నవ్వొచ్చింది.

"నవ్వినా జరుగుతుంది బాబాయ్! ఇలాగైతే రాయి పగలదు. తర్వాత ఆపరేషనే."

ఆపరేషన్! సెలూన్లో రోజంతా పదిమంది గొంతుల మీద కత్తి ఆడించేవాడికి, తన ఒంటి మీద కత్తి అనేసరికి గుండె జారింది. అయినా నొప్పని ఒప్పుకోలేడు. నొప్పి అన్నాడో, ఇక ఏ పెళ్లిలో కలిసినా బావ నడుం పట్టుకుని అభినయించి మరీ చెబుతాడు.

అమ్మాయి తెర మీద రాయిని మళ్లీ వెతుకుతోంది. ఆమె చెయ్యి జంకడం అతను గమనించాడు. ఆ జంకు తనకు తెలియనిది కాదు. "అబ్బా, లాగుతోందయ్యా" అని గోలపెట్టేవాళ్ల గడ్డంతో ఏనాడూ పేచీ లేదు; ఇంకాస్త నురగ రాస్తే సరి. దవడ బిగించి కొయ్యలా కూర్చునేవాళ్ల దగ్గరే చెయ్యి వణుకుతుంది. తెగిందల్లా వాళ్ల గడ్డాలే. "ముందే చెప్పొచ్చుగా సార్" అని వాళ్లను విసుక్కున్నదీ తనే.

"మొదలుపెడుతున్నా. నొప్పయితే మందు పెంచమని డాక్టరుగారితో చెప్తాను. ఎలా ఉంది బాబాయ్?"

బయట బావ దేనికో పకపకా నవ్వాడు.

అతను బిగబట్టిన గాలి వదిలాడు. "నొప్పిగా ఉందమ్మా," అన్నాడు, తలుపు అవతలికి కూడా వినిపించేంత గట్టిగా.