పక్కింటి దగ్గు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. షిఫ్టు దిగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న నాన్న, పొయ్యి దగ్గర అమ్మ, ముల్లంగి తరుగుతున్న నానమ్మ, పక్కింటి గప్‌సూ తల్లి, సాయంత్రం బడి నడిపే సాంగ్‌హీ టీచరు. మూలన పెన్సిలు పట్టుకుని బున్‌రే.

మూడు రోజుల కిందట నాన్నతో పనిచేసే మన్‌గిల్‌ను గనిలోంచి బొగ్గు తొట్టిలోనే పైకి తెచ్చారు. నోటి వెంట నల్లటి రక్తం. కంపెనీ గుమాస్తా జలుబని రాసుకున్నాడు. ఇక గనికి పనికిరాడని, పది రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమని అతని భార్య చేతిలో కాగితం పెట్టాడు. బున్‌రే అదంతా కళ్ళారా చూసింది.

"డాక్టరు కావాలని ఎవరూ అడగలేదట," అంది టీచరు. "మనకేం కావాలో కూడా వాళ్ళే రాసుకుంటున్నారు. ఇక మనం రాద్దాం. నలభై ఎనిమిది ఇళ్ళు. ఎవరికి దగ్గుందో, ఎన్నాళ్ళుగా ఉందో, కఫం నల్లగా పడుతోందో లేదో ఇంటింటికీ వెళ్ళి అడుగుదాం. గప్‌సూ అమ్మా, నువ్వడుగు. బున్‌రే రాస్తుంది."

మాట్లాడే పని లేనందుకు బున్‌రే ఊపిరి పీల్చుకుంది.

రెండు సాయంత్రాలు తిరిగారు. ప్రతి గుమ్మంలోనూ కూర్చోబెట్టి వేడి బార్లీ నీళ్ళిచ్చారు. "మాకేమమ్మా, బాగానే ఉన్నాం," అన్నారు. పుస్తకం నిండా ఒకటే మాట: లేదు, లేదు, లేదు. దాన్ని చదువుతుండగానే చెక్క గోడ అవతల ఎవరో దగ్గుతున్నారు.

నానమ్మ పకపకా నవ్వింది. "ఇంటికొచ్చిన మనిషి ముందు ఏ ఇల్లాలైనా మాకు బాలేదని చెబుతుందటే? కడుపు మాడుతున్నా తిన్నాననే చెబుతా నేనైతే. మీరు అడగాల్సిన ఇంటిని అడగలేదు."

"మరి ఏ ఇంటిని అడగాలి?"

"పక్కింటిని. మధ్యలో ఉన్నది చెక్కేగా!"

మళ్ళీ బయల్దేరారు. ఈసారి నోళ్ళు తెరుచుకున్నాయి. "మా సంగతి కాదు గానీ, పన్నెండో నంబరాయన దగ్గితే మా గిన్నెలు కదుల్తాయి తల్లీ!" "ఆవిడ అలా అందా? వాళ్ళాయన ఉమ్మిన చోట మంచు నల్లబడిపోతుంది, అది మాత్రం చెప్పిందా?" ముప్పై పేర్లు తేలాయి. మిగిలింది బున్‌రే వాళ్ళిల్లు. వాళ్ళ పక్కిల్లు గప్‌సూ తల్లిదే. ఆమె పిల్ల ముఖంలోకి చూసింది.

"రాసుకో పిల్లా. మీ నాన్న నోట్లో దుప్పటి కుక్కుకుని దగ్గుతాడు."

ముప్పై ఒకటో పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.

"చెరిపెయ్," అన్నాడు నాన్న పుస్తకం చూసి. "నాకు జబ్బని తెలిస్తే గనిలోంచి తీసేస్తారు. ఇల్లు పోతుంది. మన్‌గిల్ పెళ్ళాం మూటలు చూశావుగా?"

"చూశాను నాన్నా." బున్‌రే పుస్తకాన్ని వెనక్కి లాక్కుంది. "ఇల్లు ఖాళీ చెయ్యమన్న కాగితంలో మన్‌గిల్ మామ పేరొక్కటే ఉంది. ఇందులో ముప్పై ఒకటున్నాయి. ఇంతమందినీ తీసేస్తే గని ఎవడితో నడుపుతారు?"

చెరపలేదు.

మర్నాడు ఆడవాళ్ళు పట్టుకెళ్ళిన ఆ జాబితాను గని మేనేజరు సగం కూడా చదవలేదు. "వీళ్ళంతా రోజూ గనిలోకి దిగుతూనే ఉన్నారుగా! రోగమైతే దిగుతారా? రేపు షిఫ్టు ఆగితే అప్పుడు పిలుస్తాలే డాక్టర్ని," అని కాగితం విసిరేశాడు. ఆడవాళ్ళే ఏరుకొచ్చారు.

కుళాయి దగ్గర అందరూ ఒకేసారి అరుస్తున్నారు. గప్‌సూ తల్లి బిందె ధడాలున కింద పెట్టింది.

"షిఫ్టుకి పోయే మగాడికి ఆడది ఎదురొస్తే గనిలో చావేనని వెనక్కి తిరిగిపోతాడు. అందుకేగా ఇన్నేళ్ళుగా తెల్లారి మనం గుమ్మం దాటంది?"

"అయితే?"

"అయితే ఏముంది, రేపు దాటుదాం. అందరం."

"మీ ఆయన కాళ్ళు విరగ్గొడతాడే!"

"విరగ్గొట్టనీ. కుంటుకుంటూ ఎదురొస్తా."

తెల్లవారింది. టోపీల దీపాలతో మగవాళ్ళు కొండ దారి ఎక్కి మలుపు తిరిగారు. దారికి అడ్డంగా, మంచులో, నలభై మంది ఆడవాళ్ళు. అందరికంటే ముందు నానమ్మ. మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. ఎవడో బూతు తిట్టాడు. ఒకడు కళ్ళు మూసుకున్నాడు.

"చదవవే," అంది నానమ్మ.

బున్‌రే కాగితం విప్పింది. ఆమె గొంతు ఇంతమంది ఎన్నడూ వినలేదు. ముప్పై ఒకటో పేరునే, నాన్న పేరునే, ముందు చదివింది. "క్వాక్ చంబోక్. పదకొండేళ్ళుగా దగ్గు. నల్లగా పడుతోంది."

నాన్న ముందు వరసలోనే ఉన్నాడు. కూతుర్ని చూశాడు. వెనక్కి తిరిగాడు. ఆయన వెనకున్న దీపాలన్నీ ఒక్కొక్కటే తిరిగాయి. పైన కంపెనీ జీపు హారను మోగిస్తూనే ఉంది. ఆడవాళ్ళు కదల్లేదు. చివరి పేరు దాకా చదివి బున్‌రే ఇంటికి పరిగెత్తింది.

"నాన్నా!"

ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. తలెత్తలేదు. లోపలికి వెళ్ళి, ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.

తలుపు అవతల దగ్గు మొదలైంది. ఈసారి నోట్లో దుప్పటి లేదు.